వెంకటనర్సమ్మ బురదకు తగిలిన దిష్టి

చిలుకానగర్‌లో మా వీధి చివరి ఇంటి కింది వాటా వెంకటనర్సమ్మది. పొద్దున్నే నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఆమె బస్సుకు బయలుదేరితే, వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు పాలమ్మే మనిషి అనుకునేవాళ్లు. ఒకావిడ గిన్నె పట్టుకుని మలుపు దాకా వెంటపడింది కూడా. ఖాళీ డబ్బా మూత తీసి వాసన చూపించాక ఆవిడ మళ్లీ మా వీధిలో ఎవరి దగ్గరా పాలు కొనలేదు, ప్యాకెట్ పాలకు మారిపోయింది.

ఆ డబ్బాలో ఆమె తెచ్చేది బురద. మూసీ ఒడ్డున మన ఊరి మురుగును శుద్ధి చేసే చోట, పెద్ద పెద్ద తొట్లలో రాత్రీ పగలూ గాలి ఊది పెంచే చిక్కటి గోధుమ రంగు బురద. కంటికి కనిపించని జీవులు అందులో కోట్లకొద్దీ ఉంటాయి. మనం వదిలిందల్లా తిని, మిగిలిన నీటిని నది ఒప్పుకునేలా చేయడం వాటి ఉద్యోగం. ఆ బురదను తెచ్చి బతికించి, అవసరమైనప్పుడు అందించడం వెంకటనర్సమ్మ ఉద్యోగం.

ఆమె పనిచేసే ల్యాబ్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు తయారుచేసే రసాయనాలను అక్కడ రకరకాలుగా పరీక్షిస్తారు. ఫలానా రసాయనం కాలువలో కలిస్తే మురుగును తినే జీవులు బతుకుతాయా, చస్తాయా అని తేల్చడం వాటిలో ఒకటి. పద్ధతి పెద్ద కష్టమైనదేమీ కాదు. కొన్ని సీసాల్లో ఒకే బురద, ఒకే తిండి పోస్తారు. ఒక సీసాలో ఇంకేమీ కలపరు. దాన్ని వెంకటనర్సమ్మ ‘ఉత్త సీసా’ అంటుంది. ఒకదాంట్లో అందరికీ తెలిసిన విషం వేస్తారు. మిగతావాటిలో ఫ్యాక్టరీవాళ్లు తెచ్చిన ద్రవం, కొంచెం నుంచి ఎక్కువ దాకా. మూడు గంటలు గాలి ఊది, తర్వాత ఏ సీసాలోని జీవులు ఎంత వేగంగా ఆక్సిజన్ పీలుస్తున్నాయో మీటరు పెట్టి చూస్తారు. ఉత్త సీసా బాగా ఊపిరి తీయాలి, విషం సీసా తీయకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే మధ్యలోవాటి మాటకు విలువ.

వెంకటనర్సమ్మది మోత్కూరు దిక్కు. భర్త పోశయ్యకు ఒక ఇంజనీరింగ్ కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం దొరికితే ఇద్దరూ ఉప్పల్ వచ్చారు. ల్యాబ్‌లో మొదట ఆమెను సీసాలు కడగడానికే పెట్టుకున్నారు. బురద పని అప్పట్లో ఒక ఎమ్మెస్సీ చదివిన అబ్బాయిది. అతను శుద్ధి కేంద్రానికి మొదటిసారి వెళ్లిన రోజే అక్కడి నుంచి నేరుగా వాళ్ల ఊరి బస్సెక్కాడని, డబ్బాను మాత్రం ఎవరో ఆటోలో పంపించారని చెప్పుకుంటారు. ల్యాబ్ మేనేజర్ సుధీంద్ర అందరినీ పిలిచి ఎవరు వెళతారని అడిగితే అందరూ కిటికీలోంచి బయటికి చూశారట. వెనక నుంచి వెంకటనర్సమ్మ, “బర్లను కడిగినోళ్లకు బురదొక లెక్కనా సారు, నేను పోతా” అన్నది.

అలా మొదలైంది. కొన్నాళ్లకే ఆమె వాటిని ‘మావోళ్లు’ అనడం అలవాటు చేసుకుంది. “ఇయ్యాల మావోళ్లకు ఒంట్ల మంచిగలేదు,” “మావోళ్లకు అన్నం పెట్టి వస్తా” అంటుంటే వీధిలోవాళ్లు ఆమెకు పెద్ద ఉమ్మడి కుటుంబం ఉందనుకున్నారు. మావోళ్ల అన్నంలో యూరియా, ఉప్పులతో పాటు మాంసం నుంచి తీసిన సారం కూడా ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రోజున పోశయ్య కంచం ముందు చాలాసేపు చెయ్యి కడగకుండా కూర్చున్నాడు.

“నాకేమో పప్పుచారు. మోరీకి మాంసమా?” అన్నాడు.

“నువ్వు గూడ ఊరి మురికంతా తిను. నీకు గూడ పెడ్త” అన్నది వెంకటనర్సమ్మ.

ఇక బస్సు. డబ్బా మూత గట్టిగా బిగిస్తే లోపలివాటికి ఊపిరాడదని ఆమె దాన్ని వదులుగా పెట్టేది. ఉప్పల్ రింగు రోడ్డు దాటేసరికి బస్సులో సగం మంది కిటికీలు తెరిచేవాళ్లు. మిగతా సగం పక్కవాళ్లను అనుమానంగా చూసేవాళ్లు. కండక్టరు దగ్గరికొచ్చి, “ఏందక్కా డబ్బాల?” అంటే, “తోడు అన్న, తోడు. పెద్ద పెండ్లి ఉంది, మస్తు పెరుగు కావాలె” అనేది. అది నమ్మిన కండక్టరు ఒకడు, “గా పెండ్లికి నన్ను మాత్రం పిలవకు” అని ముందుకెళ్లిపోయాడు.

ఇంత హాయిగా సాగుతున్న పనికి 2011లో ఎసరు వచ్చింది. సుధీంద్ర ముంబైలో ఏదో సమావేశానికి వెళ్లి, ఎండబెట్టి పొడి చేసిన సూక్ష్మజీవులు ప్యాకెట్లలో దొరుకుతాయని తెలుసుకుని వచ్చాడు. ప్యాకెట్ చించి నీళ్లలో కలిపితే గంటల్లో లేచి కూర్చుంటాయట. ఏఎస్ రావు నగర్‌లో సర్కారు కంపెనీ ఇంజనీరుకు పుట్టి పెరిగిన మనిషి సుధీంద్ర. ఏదైనా సీలు వేసి, మీద తేదీ ముద్ర ఉంటే తప్ప నమ్మడు.

“నీకు ఈ బస్సుల తిప్పలు తప్పుతాయి నర్సమ్మా” అన్నాడు, మేలు చేస్తున్నట్టుగా.

“మరి నేనేం జెయ్యాలె సారు?”

“నీ పాత పని ఉందిగా. సీసాలు కడగడం.”

ఆ రోజు ఆమె మధ్యాహ్నం టిఫిన్ తెరవకుండానే ఇంటికి తిరిగి తెచ్చింది. సీసాలు కడగడం తప్పు పని కాదు. కానీ ఇన్నేళ్లు కోట్ల ప్రాణాలను సాకిన మనిషిని మళ్లీ గాజుతో కూర్చోమంటే ఎలా ఉంటుంది? సుధీంద్ర ఇంకా ప్యాకెట్లు తెప్పించలేదు. దసరా లోపల ఒక పెద్ద పరీక్ష ఉంది, అది కానిచ్చి చూద్దామన్నాడు. ఆ ఒక్క పరీక్ష బాగా జరిగితే చాలు, మావోళ్ల మీద మాట రాదని ఆమె అనుకుంది.

ఆ పరీక్ష చేయించుకుంటున్నది బుచ్చిబాబు. నాచారంలోనే చిన్న కంపెనీ నడుపుతున్నాడు. పెద్ద ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లలో పాకుడు పట్టకుండా ఒక ద్రవం తయారుచేశాడు. పాకుడును చంపేది మురుగు జీవులను చంపదా అని ఎవరైనా అడిగితే, “మా పెరట్లో మల్లెచెట్టుకు పోశానండీ. మొగ్గలేసింది” అనేవాడు. మురుగుకు హాని లేదని కాగితం చేతికొస్తే, దసరా తర్వాత సరుకు పంపడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, కొన్నాళ్లకు బస్సులూ ఆగిపోయాయి. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. కొత్త బురద తెచ్చే దారి లేదు, ఉన్న బురదకు గాలి ఊదే పంపు పూటపూటకీ ఆగిపోతోంది. ల్యాబ్‌లో జనరేటరు ఉంది గాని అది ఖరీదైన మిషన్లకే తప్ప బురద తొట్టికి రాదు. గాలి లేకపోతే అవి బతకవు.

వెంకటనర్సమ్మ ఇంటి నుంచి కవ్వం తెచ్చింది. కరెంటు పోవడం, ఆమె తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని బురదను చిలకడం. బురద గలగలమని నురగ కట్టేది. దారిన పోయేవాళ్లు తలుపులోంచి తొంగి చూసి, “వెన్న పడ్డదా నర్సమ్మా?” అంటే, “పడితే మీకే మొదలు” అనేది.

పరీక్షలన్నీ చేసేది హిమజ. మల్కాజిగిరి అమ్మాయి, తండ్రి రైల్వేలో. సమ్మె రోజుల్లో ఇన్నాళ్ల పాత బురద బతికి ఉంటుందా అని ఆమెకు అనుమానం. శనివారం కాస్త తీసి మీటరు పెట్టి చూసింది. చూసి నోరు తెరిచింది.

“ఎంత బాగుందండీ నర్సమ్మగారూ. ఇంత చురుకైన బురద నేనెప్పుడూ చూడలేదు. నిజంగా, నా కళ్లు పడేలా ఉన్నాయి.”

వెంకటనర్సమ్మ చెయ్యి కడుగుతున్న కవ్వం మీదే ఆగిపోయింది. సరిగ్గా అదే నిమిషంలో కరెంటు పోయింది. పోయి, ఎన్నడూ లేనంతసేపు రాలేదు.

ఇంకెవరికైనా అది కోతే. ఆమెకు మాత్రం కార్యకారణ సంబంధం స్పష్టంగా కనిపించింది. ఆదివారం సాయంత్రం, మావోళ్లకు అన్నం పెట్టే వంకతో ల్యాబ్‌కు వెళ్లింది. ఎర్రనీళ్లకు కావలసినవన్నీ చీర కొంగులో మూట కట్టుకుంది. పసుపులో సున్నం కలిపితే నీళ్లు రక్తంలా ఎర్రబడతాయి. వాటిని దిష్టి తగిలిన మనిషి చుట్టూ తిప్పి, మూడు బాటలు కలిసే చోట పారబోస్తారు. చిన్న పిల్లవాడికైతే చిటికెడు సున్నం చాలు. ఇది పిల్లవాడా? కోట్ల మంది. ఆ లెక్కన వెంకటనర్సమ్మ వక్కాకు దుకాణంలో ఉన్న సున్నం డబ్బా మొత్తం తెచ్చి పెద్ద గిన్నెలో కలిపేసింది.

కరెంటు లేదు. మసక వెలుగులో తొట్టి మీదుగా గిన్నె తిప్పుతూ, “ఇరుగు జిష్టి, పొరుగు జిష్టి, మేడం జిష్టి” అంటోంది. ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పింది. మూడోసారి సగంలో ఉండగా కరెంటు వచ్చింది. చెవి పక్కనే గాలి పంపు గుర్రుమని లేచింది. వెంకటనర్సమ్మ ఎగిరిపడింది. గిన్నె ఒరిగింది.

ఎర్రనీళ్లు గోధుమ రంగు నురగలో ఒక్క క్షణం కుంకుమలా విచ్చుకుని, మాయమైపోయాయి.

ఆమె కాసేపు ఖాళీ గిన్నె వైపు చూసింది. తర్వాత పసుపే కదా, తాంబూలంలో నమిలే సున్నమే కదా అని సర్దుకుంది. కరెంటు అదే క్షణంలో రావడం కూడా మంచి శకునంలాగే తోచింది. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

సోమవారం కరెంటు ఉన్నప్పుడే పని కానివ్వాలని హిమజ తొందరపడింది. ముందు బురద చూసుకోవడం, ఆమ్లమా క్షారమా అని కొలవడం ఆ తొందరలో తప్పిపోయాయి. సీసాలు నింపారు, తిండి పోశారు, మూడు గంటలు గాలి ఊదారు. ఫలితం కళ్లారా చూడాలని బుచ్చిబాబు ఇస్త్రీ చొక్కాలో వచ్చి కూర్చున్నాడు.

మొదట అతని ద్రవం కలిపిన సీసా చూశారు. తర్వాత ఉత్త సీసా.

బుచ్చిబాబు కుర్చీలోంచి లేచాడు. “చూశారా. ఉత్త సీసాకూ నా సీసాకూ ఇంత కూడా తేడా లేదు. నేను చెప్పలా?”

హిమజ ఇంకో సీసా మీటరుకు పెట్టి చూసింది. “ఇది విషం వేసిన సీసా అండీ. దీనికీ తేడా లేదు.”

“అంటే విషం కూడా మంచిదేనా?”

“అంటే ఉత్త సీసాలోవి కూడా ఊపిరి తీయట్లేదు.”

సుధీంద్ర వచ్చాడు. మీటరును తట్టి చూశాడు, వైరు ఊపి చూశాడు. శనివారం అంత చురుకుగా ఉన్నవి సోమవారం కదలకుండా ఉండటం ఏమిటని అడిగాడు. అందరూ వెంకటనర్సమ్మ వైపు చూశారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గిన్నె, దాని అడుగున అంటిన తెల్లటి చార, రెండూ ఆమె మనసులో మెదులుతున్నాయి. మాట మళ్లించాలి.

“సకల జనులు సమ్మెల ఉన్నరు గద సారు. ఇవి మాత్రం జనం గాదా?”

అందరూ నవ్వారు. బుచ్చిబాబు కూడా నవ్వాడు. సుధీంద్ర నవ్వలేదు.

“నవ్వులాట కాదు. అసలు కారణం అదే. కరెంటు లేదు, బస్సు లేదు, కొత్త బురద లేదు. ఈ ఊళ్లో బతికున్న బురదను నమ్ముకుని పరీక్షలు చేస్తే ఇలాగే ఉంటుంది. ప్యాకెట్లో పురుగులకు సమ్మెలుండవు. హిమజా, కోతల వల్ల చచ్చిపోయాయని రాసేయ్. ఇవాళే ప్యాకెట్లకు ఆర్డర్ పెడదాం.”

ఊరుకుంటే వెంకటనర్సమ్మ తప్పించుకుంటుంది, మావోళ్లు దొరికిపోతారు. నోరు తెరిస్తే మావోళ్లు బయటపడతారు, తను దొరికిపోతుంది. కవ్వంతో చిలికి చిలికి బొబ్బలెక్కిన అరచేతులు కొంగులో దాచుకుంది. కోతలకు కూడా చావనివాటిని కోతలకు చచ్చాయనడం ఆమెకు సయించలేదు.

“సారు, జర ఆగున్రి. కరెంటుది తప్పు లేదు. మావోళ్లదీ లేదు. సున్నం కలిసింది.”

“సున్నమా? ఎక్కడిది?”

“నాదే.”

ఆమె తల వంచుకుని మొదటి నుంచి చెప్పింది. హిమజ మెచ్చుకోవడం, కరెంటు పోవడం, ఎర్రనీళ్లు, గాలి పంపు. హిమజ మధ్యలోనే తొట్టి దగ్గరికెళ్లి కొలిచి చూసింది. సున్నపు బట్టీలో ఉండాల్సినంత క్షారం ఉంది.

“అంటే నా దిష్టి తగిలిందా?” అంది హిమజ, కొంచెం నొచ్చుకుని.

“మీది గాదు మేడం, మీ మాటది. మీరు మంచోళ్లే.”

సుధీంద్ర తల పట్టుకున్నాడు. “ఇప్పుడు నేను బుచ్చిబాబుగారికి ఏమని చెప్పాలి? దిష్టి తీసినందువల్ల పరీక్ష రద్దయిందనా?”

“చెప్పక్కర్లేదండీ, విన్నాను” అన్నాడు బుచ్చిబాబు. “తీసేవాళ్లు నా మందుకు కూడా తీయాల్సింది. సరే, ఇప్పుడు నా పండగ ఎట్లా?”

“కొత్త బురద వస్తే రేపే మళ్లీ చేయొచ్చు” అంది హిమజ.

సుధీంద్ర వెంకటనర్సమ్మను చూశాడు. “ఇంకొక్కసారి. రేపు కూడా ఇలాగే అయితే నా నిర్ణయం నాది.”

“తెస్త సారు. కానీ బస్సులు లేవు గద.”

“నా స్కూటరుంది” అన్నాడు బుచ్చిబాబు. ఎక్కడికి వెళ్లాలో అతనికి అప్పటికి సరిగ్గా తెలియదు.

మర్నాడు పొద్దున చిలుకానగర్ మలుపులో తెల్ల చొక్కాతో, సెంటు వాసనతో దిగాడు. శుద్ధి కేంద్రం గేటు దగ్గరికి వచ్చేసరికి జేబురుమాలు ముక్కుకు చేరింది. తొట్టి దగ్గరి దాకా వెంట వెళ్లినవాడు అక్కడి నురగను చూసి, ఇక ముందుకు రానని సైగ చేశాడు. వెంకటనర్సమ్మ డబ్బా నింపుకుని వెనక సీటెక్కింది. డబ్బాను ఇద్దరి మధ్యలో పెట్టుకుంది.

“మూత సరిగ్గా పెట్టావామ్మా?”

“బిగిస్తే ఊపిరాడదు సారు. జర మెల్లగ పోనియ్యిన్రి.”

మెల్లగానే పోనిచ్చాడు. కానీ ఉప్పల్ రోడ్డు గుంతలకు ఆ సంగతి తెలియదు.

“వెనకాల ఏదో చల్లగా తగిలిందమ్మా.”

“మావోళ్లే సారు. భయపడకున్రి, ఏమనరు.”

బుచ్చిబాబు హబ్సిగూడ దాకా హ్యాండిల్ మీదికి వంగే నడిపాడు.

ఈసారి హిమజ అన్నీ వరసగా కొలిచింది. ఉత్త సీసాకు మీటరు పెట్టగానే ఆక్సిజన్ అంకెలు చకచకా దిగిపోయాయి. ఆమె, “ఎంత బా” దాకా వచ్చింది. వెంకటనర్సమ్మ చూసిన చూపుకు, “ఏదో, పర్వాలేదు” అని ముగించింది. విషం సీసాలో ఊపిరి ఆగాల్సినంతా ఆగింది. తర్వాత బుచ్చిబాబు సీసాలు. చాలా కొంచెం కలిపిన దాంట్లోనే సగం ఊపిరి ఆగిపోయింది. ఎక్కువ కలిపినదాంట్లో మీటరు అంకె అసలు కదల్లేదు.

“వీటికి నా మీద ఏదో పగ ఉందండీ” అన్నాడు బుచ్చిబాబు. “సున్నం ఏమన్నా...”

హిమజ మాట్లాడకుండా కొలిచి చూపించింది. సున్నం లేదు.

“మరి మల్లెచెట్టుకు పోస్తే మొగ్గలేసిందే.”

“మల్లెచెట్టు ఒక్కసారి తాగి ఊకున్నది సారు” అన్నది వెంకటనర్సమ్మ. “మావోళ్లు దాంట్లనే మునిగి బతకాలె.”

“నువ్వు ఇవాళ కూడా ఏమన్నా దిష్టి తీశావా? నిజం చెప్పు.”

“తియ్యలె. తీస్తే మీ మందుకు తియ్యాలె. మావోళ్లనే పండబెట్టిందంటే మస్తు బలమున్నది దానికి.”

సుధీంద్ర అటు తిరిగి దగ్గాడు. ద్రవంలో ఏది మార్చాలో, ఎంత తగ్గించాలో చెప్పి, మార్చి తెస్తే మళ్లీ పరీక్షిద్దామన్నాడు. చాలాసార్లు చేయాల్సి రావచ్చు. ప్రతిసారీ తాజా బురద కావాలి. “బస్సులు ఎప్పుడు మొదలవుతాయో తెలియదు. మీకిబ్బందైతే ప్యాకెట్లు తెప్పిస్తాను” అన్నాడు. వెంకటనర్సమ్మ నేల చూపులు చూసింది.

బుచ్చిబాబు వీపు మీది గోధుమ రంగు మరకను అద్దాల తలుపులో చూసుకుంటున్నాడు.

“వద్దండీ” అన్నాడు చివరికి. “ప్యాకెట్లోవి ఏ దేశపువో, వాటికి నేనెవరో తెలియదు. ఇవైతే నా వీపెక్కి వచ్చాయి. రేపైనా కాస్త మొహమాటపడతాయి.”

సుధీంద్ర ఒప్పుకున్నాడు. డబ్బు పెట్టే మనిషే వద్దంటుంటే ప్యాకెట్లు ఎవరికోసం? కాకపోతే తొట్టి ఉన్న గదిలోకి పసుపు, సున్నం, నిమ్మకాయ, కొబ్బరికాయ రాకూడదని అందరి ముందూ గట్టిగా చెప్పాడు. వెంకటనర్సమ్మ, అలాగే సారు, గుమ్మం బయటైతే పర్వాలేదు గదా అని మెల్లగా అడిగింది. ఆయన వినిపించుకోలేదు.

దసరా వెళ్లింది, సమ్మె ఇంకా నడుస్తోంది. పొద్దున్నే మా వీధి చివర స్కూటరు హారను మోగేది. పోశయ్య రాత్రి డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద చాయ్ తాగుతూ, “నీ బస్సు వచ్చింది పోవే” అని లోపలికి కేకేసేవాడు. ఆమె తాపీగా జడ ముడేసుకుని, డబ్బా తీసుకుని, స్కూటరు దాకా వెళ్లి బుచ్చిబాబు చేతికే ఇచ్చేది. అతను దాన్ని ముందు కాళ్ల దగ్గర సర్ది, కదలకుండా తాడు కట్టి, సరిగ్గా ఉందా అన్నట్టు ఆమె వైపు చూసేవాడు.

“కట్టుడు మంచిగనే ఉంది సారు” అనేది వెంకటనర్సమ్మ. “రేపటి సంది జర జల్దీ రాండ్రి. ఎండెక్కితే మావోళ్లు ఆగరు.”